అందరి సెర్చ్ ఇంజన్‌కు కరెంటు బిల్లు ఎవరు కడతారు?

శ్రోతలకు నమస్కారం.

వికీపీడియాను జనమే రాస్తున్నారు, జనమే చందాలిచ్చి నిలబెడుతున్నారు. మరి సెర్చ్ ఇంజన్‌నూ అలా నడపొచ్చు కదా? ఈ ఆలోచన వికీపీడియా స్థాపకుల్లో ఒకరైన జిమ్మీ వేల్స్‌కే వచ్చింది. 2008 జనవరిలో వికియా సెర్చ్ మొదలుపెట్టారు. ఏ పేజీ పైన రావాలో వాడేవాళ్లే తేల్చాలన్నారు. వాడేవాళ్లు చాలక 2009లో మూసేశారు.

చిక్కు ఎక్కడంటే, వికీపీడియాలో రాసిన వ్యాసం పదేళ్లయినా పనికొస్తుంది. సెర్చ్ ఇంజన్‌కు ఆ సుఖం లేదు. కోట్ల కొద్దీ పేజీలను మళ్లీ మళ్లీ చదవాలి, ఏ మాట ఏ పేజీలో ఉందో ఇండెక్స్ కట్టాలి. నిన్న కట్టింది ఇవాళ పాతబడుతుంది. పైగా జవాబు క్షణంలో రావాలి, రాకపోతే మనమే ఆగం! ప్రోగ్రాం ఉచితంగా దొరకొచ్చు, సర్వర్లూ కరెంటూ దొరకవు.

ఆ ఖర్చును అందరికీ పంచేద్దామని జర్మనీలో 2003లో యాసీ అనే సెర్చ్ ఇంజన్ పుట్టింది. ఎవరి కంప్యూటర్‌లో వాళ్లు కొంత ఇండెక్స్ ఉంచుకుని, ఒకరిదొకరు వాడుకుంటారు. మధ్యలో కంపెనీ లేదు. కానీ ఎవరెవరి ఇళ్లలోనో ఉన్న కంప్యూటర్లను అడిగి రావాలి కాబట్టి జవాబు నెమ్మది, దొరికేదీ తక్కువ. ఓపిక ఉన్నవాళ్లకే అది.

నాకు నచ్చిన దారి ఐరోపాది. 2022లో 14 సంస్థలు కలిసి ఓపెన్ వెబ్ సెర్చ్ ప్రాజెక్టు మొదలుపెట్టాయి. ఐరోపా యూనియన్ 85 లక్షల యూరోలిచ్చింది. వాళ్లు కట్టాలనుకున్నది గూగుల్‌కు పోటీ కాదు, ఇండెక్స్ మాత్రమే. ఊరుమ్మడి చెరువులా దాన్ని తవ్విపెడితే, ఎవరి కాలువ వాళ్లు తీసుకుంటారు. ఖరీదైన పని చెరువు, ప్రభుత్వ సొమ్ము అక్కడ పడటమే సబబు.

ఆ సొమ్ము ఎంతో తెలియాలంటే ఇంకో లెక్క చూడాలి. ఫోన్లలో, బ్రౌజర్లలో తన సెర్చే ముందుగా ఉండేందుకు గూగుల్ 2021లో 2,630 కోట్ల డాలర్లు చెల్లించిందని అమెరికా కోర్టులో బయటపడింది. గంటకు 30 లక్షల డాలర్లు! ఐరోపా ఇచ్చినదంతా మూడు గంటల పద్దు.

అందుకే ప్రపంచమంతా వెతికే ఇంజన్‌ను చందాలతో నడపడం నా లెక్కలో కుదరదు. చిన్నది కుదురుతుంది. స్వీడన్‌లో ఒక ప్రోగ్రామర్ చిన్న చిన్న సైట్ల కోసం మార్జినేలియా అనే ఇంజన్‌ను ఇంట్లో పెట్టిన కంప్యూటర్‌తోనే మొదలుపెట్టాడు. వెబ్‌లో తెలుగు పేజీలు బహు కొద్ది భాగం, కాబట్టి యంత్రాల ఖర్చు మనకు భయపడేంత ఉండదు. కష్టమంతా భాషతోనే. గుంటూరు అని వెతికితే గుంటూరులో, గుంటూరుకు, గుంటూరునుంచి అన్నీ రావాలి. ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతం ఉండే యూనికోడ్ పద్ధతి వాడుకలోకి రాకముందు ఒక్కో పత్రిక ఒక్కో ఫాంటులో పెట్టిన పాత పేజీలనూ చదవగలగాలి. ఈ పని తీరిక వేళల్లో సాగదు, జీతమిచ్చి ఇద్దరు ముగ్గురిని ఏళ్ల తరబడి కూర్చోబెట్టాలి. ఏ విశ్వవిద్యాలయమైనా ముందుకొస్తే, సర్వర్ల కంటే ముందు ఆ జీతాలకే డబ్బు కేటాయించాలి.