కట్టకు బుంగ పడితే ఊరంతా కలిసి ఏం చేయాలి?

నమస్కారం. వరద కరకట్ట అంచుకు చేరుతుంటే ఊళ్లో అందరి చూపూ కట్ట పైనే ఉంటుంది, ఎప్పుడు పొర్లుతుందో అని. కానీ నీళ్లు పైకి రాకముందే అడుగున బుంగ పడి తెగిపోయే కట్టలు ఎన్నో. అందుకే ఇవాళ కట్ట పాదం గురించే ఎక్కువ మాట్లాడుకుందాం.

కాపలాకు ఇద్దరిద్దరు వెళ్లాలి. ఒకరు కట్ట మీద, ఒకరు ఊరివైపు పాదం వెంబడి, చేతిలో కర్ర, టార్చిలైటు. ఎలుక బొరియలు, ఎండిన చెట్ల మొదళ్లు, తూముల పక్కన ఆగి చూడాలి. ఇదివరకు గండి ఎక్కడ పడిందో తెలిసిన పెద్దవాళ్లను ముందే అడగండి. పూడ్చిన మట్టి పాత కట్టతో సరిగ్గా అతుక్కుని ఉండకపోవచ్చు.

ఊట కనిపించిందా? దోసిట్లోకి తీసుకుని చూడండి. తేటగా ఉంటే అక్కడ కర్ర పాతి, మాటిమాటికీ వచ్చి చూస్తుండాలి. బురదగా వస్తూ, చుట్టూ ఇసుక చీమలపుట్టలా పేరుకుంటుంటే మాత్రం లోపలి మట్టి కొట్టుకొస్తోందన్నమాట. కంగారులో బస్తా తెచ్చి బుంగ నోట్లో కుక్కేస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి! ఒత్తిడి ఎక్కడికీ పోదు, పక్కనే ఇంకోచోట తన్నుకొస్తుంది. బుంగకు రెండు మూడు అడుగులు వదిలి చుట్టూ బస్తాలు గుండ్రంగా పేర్చండి. లోపల నీరు నిలిచేకొద్దీ అవతలి ఒత్తిడికి ఎదురు నిలుస్తుంది. నీరు తేటపడేదాకా ఎత్తు పెంచితే చాలు, పూర్తిగా ఆపాలని చూడొద్దు. పైన ఒకచోట నీరు పోయే దారి వదలండి.

బస్తా సగానికి కాస్త పైవరకే నింపాలి. నిండా కూరితే బిగుసుకుపోయి సందులు మిగులుతాయి. మూతి మడిచి కిందకు పెట్టి, కింది వరుస సందు మీద పై వరుస సందు రాకుండా పేర్చి, కాలితో తొక్కండి. కట్టపై రెండడుగుల ఎత్తు కావాలంటే అడుగున ఆరడుగుల వెడల్పు ఉండాలి. మట్టి మాత్రం కట్ట పాదం దగ్గర తవ్వొద్దు. నానిన కట్ట మీదికి ట్రాక్టరు ఎక్కించొద్దు.

ఎంత ఎత్తు పెంచినా బురద ఆగకపోతే, కట్ట మీద పగులు కనబడితే, బస్తాలు అక్కడే వదిలేసి మనుషుల్ని మెరకకు పంపండి. ఆ కేక ఎవరు వేయాలో ముందే అనుకోండి.

వరద తీసిందని వెంటనే కాపలా ఎత్తేయకండి. ఆనుకున్న నీరు దిగిపోయినా కట్ట లోపలి తడి అంత త్వరగా దిగదు, ఏటివైపు వాలు జారిపోయేది అప్పుడే.