రెండే ఓట్లు, ఒక ఉత్తరం: విన్నిపెగ్ ఎంపీ హీప్స్‌పై చర్చ

యాంకర్: నమస్కారం. కెనడాలో వృద్ధాప్య పింఛను చట్టం అనగానే లేబర్ ఎంపీ ఉడ్స్‌వర్త్ పేరు వినిపిస్తుంది. ఆయన పక్కనే కూర్చున్న రెండో లేబర్ ఎంపీ అబ్రహం ఆల్బర్ట్ హీప్స్ గురించి ఈరోజు మాట్లాడుకుందాం. మేడమ్, ఎవరీయన?

చరిత్ర అధ్యాపకురాలు: 1885లో ఇంగ్లాండ్‌లోని లీడ్స్‌లో పుట్టారు. పోలండ్ నుంచి వలస వచ్చిన యూదు కుటుంబం. సోఫాలకు, కుర్చీలకు మెత్తలు బిగించే పని చేసేవారు. 1911లో కెనడాలోని విన్నిపెగ్ నగరం చేరారు. అక్కడ రైల్వే యార్డుకి అవతల నార్త్ ఎండ్ ఉంది. యూదులు, ఉక్రెయిన్ వాళ్లు, పోలండ్ వాళ్లు ఇరుకిరుకుగా బతికిన పేట. హీప్స్ రాజకీయానికి బలం అదే.

యూనియన్ నేత: విన్నిపెగ్‌లో 1919లో జరిగిన కార్మికుల సార్వత్రిక సమ్మె సంగతి ముందు చెప్పాలండీ. మే 15న పొద్దున్న ఏడింటికి టెలిఫోన్ ఎక్స్ఛేంజి అమ్మాయిలు షిఫ్ట్ దిగి వెళ్లిపోయారు, తర్వాతి షిఫ్ట్ వాళ్లు రాలేదు. అందరూ బయటికి రావాల్సింది పదకొండింటికి! మొత్తం దాదాపు 30 వేల మంది. అప్పటికే సిటీ కౌన్సిలర్‌గా ఉన్న హీప్స్ సమ్మె వైపే నిలబడ్డారు. జూన్‌లో అర్ధరాత్రి ఇళ్ల మీద పడి నాయకుల్ని పట్టుకెళ్లారు, అందులో ఈయనా ఉన్నారు.

యాంకర్: కేసేంటి?

న్యాయవాది: రాజద్రోహపు కుట్ర. ఏడుగురిని కలిపి విచారించారు. హీప్స్ తన కేసు తానే వాదించుకున్నారు. వాళ్లలో పూర్తిగా నిర్దోషిగా బయటపడింది ఆయనొక్కరే. ఇంకో మాట. బ్రిటన్‌లో పుట్టిన వాళ్లనీ దేశం నుంచి పంపించేసేలా ఆ జూన్‌లోనే వలస చట్టాన్ని గంటలోపే సవరించేశారు. అంటే లీడ్స్‌లో పుట్టాను అన్న ధీమా కూడా ఆయనకు లేకుండా పోయింది.

యూనియన్ నేత: సమ్మె ఓడిపోయింది గానీ, మనుషుల్ని తయారు చేసింది.

అధ్యాపకురాలు: సార్, ఒప్పుకుంటాను. కానీ పింఛను తెచ్చింది సమ్మె ఆవేశం కాదు, లెక్క. 1925 ఎన్నికల్లో లిబరల్ ప్రధాని మెకెంజీ కింగ్‌కి మెజారిటీ రాలేదు, కన్జర్వేటివ్‌లకే ఎక్కువ సీట్లు. ఐనా కింగ్ పదవిలోనే ఉన్నారు, నిలవాలంటే ఈ ఇద్దరి ఓట్లూ ముఖ్యమే. ఉడ్స్‌వర్త్, హీప్స్ 1926 జనవరిలో అటు కింగ్‌కీ, ఇటు ప్రతిపక్ష నేత మీయన్‌కీ ఉత్తరం రాశారు: వృద్ధులకు పింఛను, నిరుద్యోగులకు ఆదరువు, మీరేం చేస్తారు? కింగ్ పింఛనుకి మాటిచ్చారు. ఎగువ సభ సెనేట్ ఒకసారి అడ్డుపడింది, మళ్లీ ఎన్నికలయ్యాక 1927లో పాసైంది.

న్యాయవాది: మరీ పొగడకండి. 70 ఏళ్లు దాటిన పేదలకు నెలకి గరిష్ఠంగా 20 డాలర్లు. ఆదాయం లెక్క అధికారికి చూపించుకోవాల్సి వచ్చేది. ఆదివాసులకు అసలు వర్తించేది కాదు.

అధ్యాపకురాలు: నిజమే. ఐనా తలుపు తెరుచుకుంది.

యాంకర్: మరి శరణార్థుల విషయంలో?

అధ్యాపకురాలు: అక్కడే మనసు చివుక్కుమంటుంది. 1938లో పార్లమెంటులో ముగ్గురే యూదు ఎంపీలు, ఒకరు ఈయన. జర్మనీ నుంచి పారిపోతున్న యూదుల్ని రానివ్వమని కింగ్‌కి రాశారు, వెళ్లి కలిశారు, సభలో అడిగారు. వలసల శాఖ అధిపతి ఫ్రెడరిక్ బ్లెయిర్ తలుపు మూసే ఉంచారు. 1933 నుంచి 1945 దాకా కెనడా చేర్చుకున్న యూదులు ఐదు వేలలోపే.

యూనియన్ నేత: అదే కింగ్, అదే హీప్స్ కదా!

అధ్యాపకురాలు: సీట్లు మారాయి సార్. 1935 తర్వాత కింగ్‌కి తిరుగులేని మెజారిటీ. హీప్స్ ఓటుతో పనేముంది?

న్యాయవాది: దానికి తోడు యూదులు రావద్దన్న జనాభిప్రాయం, ముఖ్యంగా క్యుబెక్ రాష్ట్రంలో. కింగ్ అది చూసుకున్నారు.

యాంకర్: తర్వాత?

అధ్యాపకురాలు: 1939లో రెండో ప్రపంచ యుద్ధంలో చేరే విషయంలో ఉడ్స్‌వర్త్ వద్దన్నారు, హీప్స్ కావాలన్నారు. స్నేహితులే, వేర్వేరు దారులు. 1940 మార్చిలో హీప్స్ నార్త్ ఎండ్ సీటు లిబరల్ అభ్యర్థికి పోగొట్టుకున్నారు. ఉత్తరంలో అడిగిన రెండోది, నిరుద్యోగ బీమా, అదే ఏడాది ఆగస్టులో చట్టమైంది. అప్పుడాయన సభలో లేరు.