ఫ్యూజన్ మెనూ ముందర కూర్చున్నాక ఏం అడగాల?

యాంకర్: నమస్తే అండీ. బిర్యానీ మెనూ చివరి పేజీలోకి థాయ్ కర్రీ, చైనా వాళ్ల ఆవిరి కుడుములు డిమ్‌సమ్, జపాన్ వాళ్ల చేప-అన్నం ముక్కలు సుషీ వచ్చి చేరుతున్న రోజులివి. ఇట్ల దేశదేశాల వంటలను మనవాటితో కలిపి చేసేదాన్నే ఫ్యూజన్ అంటారు. అనంతపురంలో కూర్చుని వీటిని తెలివిగా ఆర్డర్ చేయడం ఎట్లో ఈ వారం మాట్లాడుకుందాం. అన్నా, మెనూ చేతికొచ్చింది. పన్నెండు పేజీలు. చైనా, జపాన్, కొరియా, మధ్యలో గోంగూర. యాడ మొదలుపెట్టాల?

షెఫ్: పేర్లు పక్కన పెట్టి సాసు అడగండక్కా. మెనూలో వంద ఐటమ్స్ ఉంటాయి గానీ, పొయ్యి పక్కనుండే సాసు డబ్బాలు ఐదో ఆరో. సోయా-వెల్లుల్లి, షెజ్వాన్, కొబ్బరిపాల థాయ్ కూర, చెనిక్కాయల సాటే, తీపి చిల్లీ సాసు, కొరియా వాళ్ల గోచుజాంగ్. నలుగురు పోయి చిల్లీ పనీర్, మంచూరియా, గార్లిక్ చికెన్, హక్కా నూడుల్స్ చెప్పినారనుకోండి. నాలుగు ప్లేట్లలో వచ్చేది ఒకే సోయా-వెల్లుల్లి. తినేది నాలుగు రకాలు, నాలుకకు తెలిసేది ఒకటే.

యాంకర్: మరి నలుగురికి ఎట్ల చెప్పాల?

షెఫ్: సూపు రెండు, వన్ బై టూ. ఆవిరి మీద ఉడికింది ఒకటి, వేయించింది ఒకటి. కొబ్బరిపాల కూర ఒకటి, దానికి తెల్లన్నం. చివర్లో నూడుల్సో ఫ్రైడ్ రైసో ఒక్క ప్లేటు. ఏ రెండింట్లోనూ ఒకే సాసు పడకుండా చూసుకోండి. అన్నీ ఒకేసారి చెప్పొద్దు. మంచూరియా గ్రేవీ కార్న్‌ఫ్లోర్‌తో చిక్కబడుతుంది, చల్లారితే బంకలాగా గడ్డకడుతుంది. ఎంగిలి గరిటె అందులో పెడితే ఇంకో తంటా. లాలాజలంలోని ఎంజైము పిండిని విరగ్గొడుతుంది, పది నిమిషాల్లో గ్రేవీ నీళ్లయిపోతుంది. వంటవాడి తప్పనుకుంటారు పాపం.

యాంకర్: మంచూరియాను ఫ్యూజన్ అనొచ్చా?

షెఫ్: ఎందుకు అనకూడదు? కలకత్తాలో పుట్టిన చైనీయుడు నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయి క్రికెట్ క్లబ్బులో చేసినాడని చెప్తారు. అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి మనవి, సోయా, కార్న్‌ఫ్లోర్ వాళ్లవి. షెజ్వాన్ కూడా అంతే. చైనాలోని సిచువాన్‌లో నాలుకను తిమ్మిరెక్కించే మిరియం ఒకటుంది, మన షెజ్వాన్‌లో అది దాదాపు ఉండదు. ఎండుమిర్చి, వెల్లుల్లి, నూనె, వెనిగర్. మన ఎర్రకారానికి పట్నం బట్టలేసినట్లు.

యాంకర్: ఆ ఎరుపు మిర్చిదేనా?

షెఫ్: చూస్తే తెలుస్తుంది. మిర్చి ఎరుపు నూనెలోకి దిగుతుంది, ముదురుగా, కొంచెం ఇటుక రంగులో ఉంటుంది. గోబీ ముక్క కొరికితే లోపలిదాకా గులాబీ రంగు దిగి, వేళ్లకు అంటి సబ్బుతో కడిగినా పోలేదంటే అది రంగే. కర్ణాటక ప్రభుత్వం 2024 మార్చిలో గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు నిషేధించింది. "కలర్ లేకుండా చేయండి" అని ఆర్డర్‌లోనే చెప్పేయండి. కాదనరు.

యాంకర్: శాకాహారులు ఏం చూసుకోవాల?

షెఫ్: "వెజ్జేనా?" అని అడగొద్దు. వెజ్జే అంటారు, ముక్కలు లేవు కాబట్టి. "చేప సాసు, ఆయిస్టర్ సాసు వేస్తారా?" అని పేరు పెట్టి అడగండి. థాయ్ కూర పేస్టులో చాలాసార్లు రొయ్యల ముద్ద నూరి ఉంటుంది. కొరియా వాళ్ల క్యాబేజీ ఊరగాయ కిమ్చీలో ఉప్పుచేపల రసమో రొయ్యలో పడతాయి. జపాన్ మీసో సూపుకు ఎండు చేప తురుముతో కాచిన నీళ్లే మూలం. గోచుజాంగ్ మాత్రం మిరపపొడి, బియ్యం, పులియబెట్టిన సోయా, దాంతో ఇబ్బంది లేదు. సోయా సాసులో గోధుమ ఉంటుంది, గోధుమ పడనివాళ్లకు అది గుర్తుండాల. బీపీ ఉన్నవాళ్లు ఇంకోటి చూసుకోవాల. ఒక పెద్ద స్పూను సోయాలో సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికీ చెప్పేది 2000 లోపు.

యాంకర్: అందరూ భయపడేది అజినోమోటోకు కదన్నా?

షెఫ్: అజినోమోటో కంపెనీ పేరు. పదార్థం పేరు ఎమ్మెస్జీ, అంటే మోనోసోడియం గ్లుటమేట్ అనే రుచి పెంచే పొడి. 1908లో జపాన్‌లో ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త సముద్రపు నాచులోంచి ఆ రుచిని పట్టినాడు. దాంట్లో సోడియం 12 శాతం, మామూలు ఉప్పులో 39. దాన్ని తిట్టుకుంటూ టేబుల్ మీది సోయాను అన్నంలో పప్పులాగా పోసుకునేవాళ్లే ఎక్కువ.

యాంకర్: ఇక మన చెనిక్కాయల జిల్లా సంగతి. అనంతపురం నోటికి ఏది దగ్గర?

షెఫ్: సాటే, థాయ్ వాళ్ల బియ్యపు నూడుల్స్ వేపుడు పాడ్ థాయ్, రెండూ. పాడ్ థాయ్ సాసులో చింతపండు పులుసు, తాటిబెల్లం, చేప సాసు. పైన దంచిన చెనిక్కాయలు. చేప సాసు తీసేస్తే ఆ సరుకంతా మన ఇంట్లోదే. ఇది చెడిపోయేది రెండు చోట్ల. బియ్యపు నూడుల్స్‌ను ఉడకబెట్టకూడదు, మామూలు నీళ్లలో అరగంట పైన నానబెట్టి, వంగేంత మెత్తగా అయినాక తీసి బాణలిలోనే పూర్తి చేయాల. ఉడకబెట్టి పెట్టుకుంటే సాసు పడగానే ముద్దవుతుంది. రెండోది, చింతపండుకు బదులు టమాటా కెచప్. ప్లేటు ఎర్రగా, తియ్యగా వచ్చిందంటే అదే. సరైంది లేత గోధుమ రంగులో ఉంటుంది. పులుపు ముందు, తీపి వెనక.

యాంకర్: సాటే అంటే మన చెనిక్కాయల చట్నీనే కదా?

షెఫ్: చట్నీకి దూరపు చుట్టం. కొబ్బరిపాలు, థాయ్ ఎర్ర పేస్టు, కొంచెం చింతపండు, కొంచెం బెల్లం పడతాయి. కాయలు సన్న మంట మీద లోపలిదాకా వేగాల. పైన మాడి లోపల పచ్చిగా ఉంటే చేదు. పాత కాయలైతే మాగిన నూనె వాసన మొదటి ముద్దకే తెలుస్తుంది, ఈ జిల్లావాళ్లకు ఆ ముక్కు ఉంటుంది. తిప్పి పంపండి, మొహమాటం వద్దు. చల్లారి బిగిస్తే మాత్రం తప్పు కాదు, రెండు స్పూన్ల వేడినీళ్లు అడిగి కలుపుకోండి. చెనిక్కాయలు పడని పిల్లలుంటే కూర్చున్న వెంటనే చెప్పాల. ఒకే బాణలి, ఒకే గరిటె అన్నిటికీ తిరుగుతుంటాయి.

యాంకర్: సంగటితో థాయ్ గ్రీన్ కర్రీ కలిపి పెట్టే ప్రయోగాలు కూడా నడుస్తున్నాయి.

షెఫ్: రుచికి బాగుంటుంది. కానీ సంగటిని మనం నమలం, ముద్ద ముంచి మింగేస్తాం. ఆ కూరలో మందమైన నిమ్మాకులు, నిమ్మగడ్డి కాడలు, అల్లం లాంటి దుంపరాష్ట్రం చక్రాలు ఉంటాయి. అవి వాసనకే, కరివేపాకు కంటే మొండివి. ముద్దతో పాటు గొంతులోకి పోతే గుచ్చుకుంటాయి. ముందు అవన్నీ ఏరి పక్కన పెట్టి, అప్పుడు ముంచండి. కూర పైన పచ్చటి నూనె తేలిందని కంగారు పడొద్దు. కొబ్బరిపాల మీగడ విరిగి నూనె వదిలేదాకా పేస్టు వేయించడమే ఆ వంట పద్ధతి.

యాంకర్: నాటుకోడి డిమ్‌సమ్?

షెఫ్: అక్కడ నాకు అభ్యంతరం ఉంది. డిమ్‌సమ్ లోపల రసం ఉండాల, రసానికి కొవ్వు కావాల. నాటుకోడిలో కొవ్వు తక్కువ, పీచు ఎక్కువ, ఎనిమిది పది నిమిషాల ఆవిరికి లొంగదు. ఖీమాలో తొడ మాంసం, చర్మం కొవ్వు, ఒక స్పూను నువ్వుల నూనె కలిపితే నిలబడుతుంది. లేకపోతే రబ్బరు బంతే. బుట్ట తెరిచినప్పుడు పైపొర మెరుస్తూ, లోపలి ముక్క లీలగా కనపడాల. తెల్లగా పొడిబారి అంచులు చీలినాయంటే చాలాసేపు ఆవిరి మీదే పడుంది.

యాంకర్: సుషీ? మనకు సముద్రం దగ్గర్లో లేదు.

షెఫ్: పచ్చి చేపది అడిగే ముందు ఒక్క ప్రశ్న వేయండి, ఎట్ల గడ్డకట్టించినారని. పరాన్నజీవులు చావాలంటే మైనస్ 20 డిగ్రీల్లో ఏడు రోజులు ఉండాల. జవాబు తడబడితే వేయించిన రొయ్యదో, దోసకాయదో, గుడ్డుదో తీసుకోండి. అన్నం ఒంటి వేడి మీద ఉండాల, ఫ్రిజ్ చల్లదనం తగిలితే మెతుకు బిగుసుకుపోతుంది. సుషీ పక్కన పెట్టే పచ్చ ముద్ద చాలాచోట్ల వసాబీ అనే అసలు జపాన్ ఘాటు ముద్ద కాదు, ఆవ, ఒక ఘాటు దుంప, పచ్చరంగు. కొత్త ఆవకాయ జాడీ మూత తీస్తే ముక్కులోకి కొట్టే ఘాటే ఇది కూడా. కందిగింజంత చాలు. నాలుకకు కాదు, నేరుగా నెత్తికెక్కుతుంది, నిమిషంలో దిగుతుంది. మిరపకారమైతే నీళ్లతో దిగదు, పెరుగు అడగండి.

యాంకర్: ఫ్రైడ్ రైస్ చెప్పకుండా పోతే వినేవాళ్లు ఊరుకోరు.

షెఫ్: మన కర్నూలు సోనా, అంటే బీపీటీ 5204, దీనికి బాగానే పనికొస్తుంది, పాత బియ్యమైతే. పదో వంతు పలుకుండగా వార్చి, వెడల్పు ట్రేలో పరిచి ఆరబెట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాల. వేడన్నం బాణలిలో వేస్తే చెమ్మకు అతుక్కుంటుంది. బయటే వదిలేస్తే మన ఎండల్లో అందులో పెరిగే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి ఒక విషాన్ని వదుల్తుంది, మళ్లీ వేయించినా ఆ విషం పోదు. పుల్లటి వాసనొస్తే ముట్టుకోవద్దు. ఇంకోటి, ఆదివారం రాత్రి రద్దీలో ఒకే బాణలిలో నాలుగు ప్లేట్లు కలిపేస్తారు. మంట చాలక అన్నం వేగదు, ఉడుకుతుంది. బాగా వచ్చింది ఎట్ల గుర్తుపట్టాలంటే, స్పూనుతో పైకెత్తి వదిలితే మెతుకులు విడివిడిగా రాలతాయి, లీలగా పొగ వాసన ఉంటుంది, ప్లేటు అడుగున నూనె నిలవదు.

యాంకర్: బిల్లు?

షెఫ్: పెద్ద స్టార్ హోటళ్లలో కాకుండా విడిగా ఉండే రెస్టారెంట్లలో జీఎస్టీ 5 శాతం. సర్వీస్ చార్జి తప్పనిసరి కాదని కేంద్ర వినియోగదారుల ప్రాధికార సంస్థ 2022 జులైలోనే చెప్పింది. తీసేయమంటే తీసేయాల.

యాంకర్: మిగిలింది పార్శిల్ కట్టించుకోవచ్చా?

షెఫ్: కూర, అన్నం తీసుకుపోండి, ఇంటికి పోగానే ఫ్రిజ్‌లో పెట్టండి. సుషీ వద్దు. జపాన్ వాళ్ల సూపు నూడుల్స్ రామెన్ పార్శిల్ అయితే నూడుల్స్ వేరే, సూపు వేరే కట్టమనాల. కలిపి కట్టినారంటే రాంనగర్ దాటేలోపే సూపంతా నూడుల్స్ తాగేసి ఉంటాయి.