ఆంప్లిఫయర్ ఎవరు కొన్నారు?

శ్రోతలకు నమస్కారం.

ఈ మధ్య మన విశాఖపట్నంలో కొందరు చర్చి యూత్ పిల్లల చేతుల్లో ఒక ఇంగ్లీషు నవల తిరుగుతోంది. అమెరికాలో క్రైస్తవ ప్రచురణ సంస్థలు టీనేజీ పిల్లల కోసం వేసే రకం. గిటార్ నేర్చుకున్న ఒక అమ్మాయి ఇద్దరు స్నేహితురాళ్లను కూడగట్టుకుని బ్యాండ్ పెడుతుంది. పేరొస్తుంది, పేరుతో పాటే తగవులూ వస్తాయి. చివరికి ఒక పెద్ద కంపెనీ వాళ్లు, పాటల్లో యేసు పేరు కాస్త తగ్గిస్తే ఇంకా ఎక్కువమంది వింటారు కదా అంటారు. ఆ తర్వాత ఏమైందో చెప్పను, చదవాలనుకునేవాళ్లు ఉంటారు.

నాకైతే నవల కంటే చదివినవాళ్ల మాటలే ఎక్కువ నచ్చాయి.

తల్లులు బూతు లేదు, పిల్లలకు ధైర్యంగా ఇవ్వచ్చు అన్నారు. అంతే. ఏళ్ల తరబడి క్వయర్‌లో పాడుతున్న ఒక పెద్దాయన మాత్రం పుస్తకం తెరవకుండానే తేల్చేశారు: "డ్రమ్ములు, ఎలక్ట్రిక్ గిటార్లు పెట్టి ఆరాధనేమిటి?" ఆయనతో వాదించలేదు కానీ, ఆయన చేతిలోని ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం మీదికి నా చూపు పోయింది. అందులో కీర్తన పైన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. 1803లో పుట్టిన పురుషోత్తమ చౌదరి గారు క్రీస్తు మీద కీర్తనలు కట్టడానికి మన రాగాలనే ఎంచుకున్నారు. ఆ బాణీలు మొదటిసారి విన్నప్పుడు కూడా ఎవరో ఒకరు ముఖం చిట్లించే ఉంటారని నా అనుమానం.

ఇక పిల్లలు. గాజువాక నుంచి వచ్చే ఒక డిగ్రీ అమ్మాయి సండే స్కూల్లో పాఠాలు చెబుతుంది, భక్తి ఉన్న పిల్ల. ఆమె ఏమందంటే: "కష్టం వచ్చిన ప్రతిసారీ కథలో అమ్మాయి ప్రార్థన చేస్తుంది, పేజీ తిప్పేలోపు తీరిపోతుందండీ. మా ఇంట్లో జవాబు అంత తొందరగా రాదు." ఆమె క్లాస్‌మేట్ ఒకమ్మాయి హిందువు. బైబిల్ వాక్యాలున్న చోట దాటేసి చదివిందట, కానీ స్టేజి ఎక్కే ముందు టెన్షన్‌తో చేతులకు చెమట పట్టడం మాత్రం అచ్చం తనదేనంది.

కీబోర్డు వాయించే ఇంటర్ కుర్రాడు అడిగింది ఒక్కటే. "వాళ్లకి ఆంప్లిఫయర్ ఎవరు కొన్నారు?"

అందరూ నవ్వారు. నాకు మాత్రం అన్నిటికంటే పదునైన విమర్శ అదే అనిపించింది. ఈ ఊళ్లో సముద్రపు గాలికి గిటార్ తీగలు ఊరికే తుప్పు పడతాయి. డిసెంబరులో సెమీ క్రిస్మస్‌లు, అంటే పండగకు ముందే జరిపే వేడుకలు, మొదలైతే అద్దెకు కీబోర్డు దొరకడం గగనం. ప్రాక్టీసు పక్కింటాయన వచ్చి తలుపు కొట్టేదాకానే. డ్రమ్స్ వాయించేవాడికి ఎల్లుండి పరీక్ష. నవలలో ఇవేవీ లేవు. అందుకే అక్కడ విశ్వాసం కూడా ఖర్చు లేని వ్యవహారంలా కనిపిస్తుంది. బోధ ఎక్కువైందని ఈ పిల్లలు విసుక్కోలేదు, బోధ వాళ్లకు అలవాటే. అన్నీ సులువుగా జరిగిపోవడమే వాళ్లకు మింగుడుపడలేదు.

పాటల్లో యేసు పేరు తగ్గించే గొడవ మాత్రం కల్పన కాదు. క్రైస్తవ పాటలతో పైకి వచ్చిన గాయని ఎమీ గ్రాంట్ 1991లో ఒక మామూలు ప్రేమపాటతో అమెరికా బిల్‌బోర్డ్ పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అభిమానుల్లోనే కొందరు దారి తప్పిందన్నారు. మన దగ్గర కంపెనీలు రావు, కాలేజీ ఫెస్ట్ వాళ్లు వస్తారు. "రెండు సినిమా పాటలు కూడా వేయండి బ్రదర్" అంటారు. దీని మీద ఆ పిల్లలు నా ముందే చీలిపోయారు. పాడితే తప్పేంటని ఒకరు, పాస్టర్ గారికి తెలిస్తే ఏం చెబుతావని ఇంకొకరు, ఆ డబ్బుతో స్పీకర్ బాగు చేయించొచ్చని కీబోర్డు కుర్రాడు.

ఈ తగువు తెలుగులో నవలగా వస్తే నేను మొదట కొంటాను. రాసేవాళ్లకు ఒక విన్నపం. మీ కథలో పిల్ల మారుమనస్సు పొంది దేవుడి వైపు తిరిగే ఘట్టాన్ని చివరి పేజీ దాకా దాచకండి. మూడో అధ్యాయంలోనే కానిచ్చేసి, మర్నాడు ప్రాక్టీసుకి ఆలస్యంగా వచ్చిన డ్రమ్మర్‌తో ఎలా మాట్లాడిందో రాయండి.

సెలవు.