బ్లాగు సాఫ్ట్‌వేర్‌కు తెలుగు పరీక్ష

నమస్తే అండి. టేబుల్ మీద కనిపిస్తున్న ఈ నల్ల డబ్బా ఒకప్పుడు ఏదో ఆఫీసులో పనిచేసిన చిన్న డెస్క్‌టాప్. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది కదా, అదే, మనమంతా సీటీసీ అంటామే, అక్కడ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. దీని మీద రెండు రకాల బ్లాగు సాఫ్ట్‌వేర్లు ఎక్కించాను. రెండింటిలోనూ తెలుగు నింపి, ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ విరుగుతుందో చూడటమే ఈ రోజు పని.

తెలుగుతోనే ఎందుకు అంటారా? బ్లాగు సాఫ్ట్‌వేర్ల మీద మీరు చూసే రివ్యూలు చాలావరకు ఇంగ్లిష్ పేరాలు అతికించి చేసినవే. ఇంగ్లిష్‌లో ఒక అక్షరానికి ఒక బైట్, అంటే కంప్యూటర్ నిల్వలో ఒక చిన్న ముక్క, చాలు. దాంతో ఏ సాఫ్ట్‌వేర్ అయినా పాసైపోతుంది. మనం రాసేది తెలుగులో. కాబట్టి మన పరీక్ష కూడా తెలుగులోనే జరగాలి, అదీ డబ్బు కట్టి హోస్టింగ్ తీసుకోకముందే, ఇంట్లోనే.

ముందు మెషీన్ సంగతి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగిపోయింది. విండోస్ 11 కావాలంటే, ఇంటెల్ ప్రాసెసర్లలో మామూలుగా ఎనిమిదో తరం నుంచి ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఉండాలి. అంతకన్నా పాతవి అధికారికంగా ఆ గడప దాటలేవు. కానీ వాటికి వచ్చిన లోటేమీ లేదు. ఆరో తరం ఐ5, 8 జీబీ ర్యామ్ ఉన్న డబ్బా, విండోస్‌కు బదులు లైనక్స్ పెడితే హాయిగా నడుస్తుంది. నేను డెబియన్ అనే రకం లైనక్స్ పెట్టాను. మొదటిసారి చేసేవాళ్లకైతే లైనక్స్ మింట్ తేలిక.

షాపులో బేరం మొదలుపెట్టే ముందు ఒక మాట అడగండి: "అన్నా, ఒకసారి ఆన్ చేసి బయోస్‌లోకి వెళ్లండి." బయోస్ అంటే విండోస్, లైనక్స్ కన్నా ముందు తెరుచుకునే మెషీన్ సొంత సెట్టింగులు. ఆఫీసుల నుంచి వచ్చిన మెషీన్లలో కొన్నిటికి బయోస్ పాస్‌వర్డ్ అలాగే ఉండిపోతుంది. అది తెలియకుండా ఇంటికి తెచ్చుకుంటే పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయడం కూడా కష్టమవుతుంది. రెండోది, ర్యామ్ ఏ రకమో చూడండి. డీడీఆర్3, డీడీఆర్4 కార్డుల్లో గాటు ఉండే చోటు వేరు. ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి పట్టదు.

మూడోది చిన్న విషయం, కానీ చాలామందిని తిప్పలు పెడుతుంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలాంటి సెల్ ఉంటుంది, సీఆర్2032, 3 వోల్టులది. కంప్యూటర్ ఆపేసినప్పుడు కూడా టైమ్ నడిపించేది అదే. అది అయిపోతే, ప్లగ్ తీసి పెట్టిన ప్రతిసారీ తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు బ్రౌజర్ ఏ సైట్ తెరిచినా 'సురక్షితం కాదు' అంటుంది, ఎందుకంటే సైట్ల సర్టిఫికెట్లు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకే చెల్లుతాయి. మన కంప్యూటర్ దృష్టిలో ఆ మొదటి తేదీ ఇంకా రానే లేదు. చాలామంది నెట్ పోయిందని రౌటర్ మారుస్తారు. మార్చాల్సింది ఆ సెల్!

హార్డ్ డిస్క్ ఉంటే మాత్రం తీసేసి ఎస్ఎస్‌డీ పెట్టండి, ఇందులో రెండో ఆలోచన వద్దు. 7200 ఆర్‌పీఎం డిస్క్ సెకనుకు 120 చుట్లు తిరుగుతుంది. కావాల్సిన ముక్క డిస్క్‌ను చదివే తల కిందికి రావడానికి సగటున అర చుట్టు ఆగాలి, అంటే 4 మిల్లీసెకన్లకు పైమాటే. తల అక్కడికి జరగడానికి పట్టే సమయం దీనికి అదనం. డేటాబేస్ మీద నడిచే బ్లాగు ఒక్క పేజీ చూపించడానికి ఎన్నో చిన్న చిన్న ముక్కలు చదువుతుంది, ప్రతి ముక్కకూ ఆ నిరీక్షణ తప్పదు. ఎస్ఎస్‌డీలో తిరిగేదే లేదు. కేబుల్, చిన్న ఫ్యాన్ లాంటివి కావాలంటే కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్లండి. ఇక మే నెల ఎండల్లో వాడబోతుంటే, లోపలి దుమ్ము బ్లోయర్‌తో దులిపి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది రాయండి. వేడెక్కిన ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది. అప్పుడు తప్పు సాఫ్ట్‌వేర్‌దో వేడిదో తేల్చుకోలేం.

సరే, సాఫ్ట్‌వేర్. మొదటిది వర్డ్‌ప్రెస్. మిషెల్ వాల్‌డ్రిగీ రాసిన 'బీ2' అనే బ్లాగు సాఫ్ట్‌వేర్ ఆగిపోతే, దాని కోడ్ తీసుకుని మాట్ ములెన్‌వెగ్, మైక్ లిటిల్ 2003లో మొదలుపెట్టారు. పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషలో నడుస్తుంది, పోస్టులన్నీ మైసీక్వెల్ డేటాబేస్‌లో దాస్తుంది. రెండోది హ్యూగో. దీనికి డేటాబేస్ లేదు. పోస్టుకొక టెక్స్ట్ ఫైల్ రాస్తాం, అది వాటన్నిటినీ హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీలుగా మార్చి పెడుతుంది.

ఇప్పుడు అసలు పరీక్ష. స్క్రీన్ చూడండి, వర్డ్‌ప్రెస్‌లో కొత్త పోస్ట్ తెరుస్తున్నాను. శీర్షిక: 'హైదరాబాద్ సికింద్రాబాద్ ఇరానీ చాయ్ కేఫ్‌లు'. పబ్లిష్ చేశాను. లింకు చూడండి. హైదరాబాద్ వచ్చింది, సికింద్రాబాద్ వచ్చింది. అంతే. ఇరానీ లేదు, చాయ్ లేదు, కేఫ్ లేదు.

దీని వెనక ఉన్నది చిన్న లెక్క. అన్ని లిపుల గుర్తులకూ నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 128 గడులు ఇచ్చారు. అచ్చులు, హల్లులు, గుణింతపు గుర్తులు, సున్నా, పొల్లు అన్నీ అందులోనే. 'స్త్రీ' మనకు ఒక అక్షరం. కంప్యూటర్‌కు ఆరు గుర్తులు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. ఆ గుర్తులను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు 3 బైట్లు, అంటే 'స్త్రీ'కి 18 బైట్లు. లింకులోకి వెళ్లేటప్పుడు ఒక్కో బైట్‌ను ఒక శాతం గుర్తు, దాని వెనక రెండు ఇంగ్లిష్ అక్షరాలు లేదా అంకెలుగా రాస్తారు. అలా ఒక్కో తెలుగు గుర్తుకు 9 చోట్లు ఖర్చవుతాయి. ఒక్క 'స్త్రీ'కే 54.

వర్డ్‌ప్రెస్ ఆ లింకు ముక్కకు తన డేటాబేస్‌లో ఇచ్చిన చోటు 200. ఇంగ్లిష్‌లో 200 అక్షరాలంటే ఎంత పెద్ద శీర్షికైనా పడుతుంది. మనకు 200ను 9తో భాగిస్తే 22 గుర్తులు! హైదరాబాద్‌లో 9 గుర్తులున్నాయి, సికింద్రాబాద్‌లో 13. మొత్తం 22, అంటే 198 చోట్లు, మధ్యలో గీతకు ఒకటి, 199. జంట నగరాల పేర్లు రాసేసరికి లింకు నిండిపోయింది.

ఇప్పుడు రెండో పోస్ట్ రాస్తాను: 'హైదరాబాద్ సికింద్రాబాద్ సిటీ బస్సులు'. లింకు మళ్లీ అవే రెండు పేర్లు. ఒకే లింకు రెండు పోస్టులకు ఉండకూడదు కాబట్టి చివర 2 అంకె చేర్చింది. ఆ అంకెకు చోటు కోసం సికింద్రాబాద్ చివరి పొల్లును కూడా తీసేసి సికింద్రాబాద చేసింది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఎవరూ కావాలని చేయలేదు, ఆ 200 అంకె వేసినవాళ్ల ముందు మన లిపి లేదు, అంతే. అందుకే వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లకు నా సలహా: శీర్షిక తెలుగులోనే ఉంచండి, లింకు మాత్రం మీరే చేత్తో ఇంగ్లిష్ అక్షరాల్లో చిన్నగా టైప్ చేయండి. ఎడిటర్‌లో దానికి చోటుంది. ఇంకో లాభం కూడా ఉంది: తెలుగు లింకును బ్రౌజర్ నుంచి కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే చాలాసార్లు శాతం గుర్తుల చాంతాడులా కనబడుతుంది. మా పెద్దమ్మ అలాంటి లింకు వస్తే తెరవదు, వైరస్ అనుకుంటుంది. ఆవిడ జాగ్రత్త మంచిదే కూడా.

హ్యూగోలో ఇదే శీర్షికతో ఫైల్ పెట్టాను, పేరు మొత్తం నిలిచింది. దానికీ హద్దు లేకపోలేదు. లైనక్స్‌లో మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 అనే, డిస్క్‌లో ఫైళ్లు దాచే పద్ధతిలో ఫైల్ పేరు 255 బైట్లు దాటకూడదు. మనకు 3 బైట్ల చొప్పున 85 గుర్తులు. ఇక్కడ శాతం గుర్తుల ఖర్చు లేదు కాబట్టి 22 కాస్తా 85 అయింది. శీర్షికకు అది చాలు.

తర్వాతి పరీక్ష, పాత బ్యాకప్. పదిహేనేళ్ల కింద తెలుగులో బ్లాగులు రాసినవాళ్ల దగ్గర డేటాబేస్ ఫైళ్లు ఉండే ఉంటాయి. తెరిస్తే తెలుగు ఉండదు. నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ ఏ, పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే ఏ, మళ్లీ అదే గుర్తు, పేజీల కొద్దీ. చూసి, పోయాయనుకుని డిలీట్ చేసేస్తారు. దయచేసి చేయకండి! చాలా సందర్భాల్లో ఆ రాతలు పోలేదు.

జరిగేది ఇదీ. మైసీక్వెల్ స్వీడన్‌లో పుట్టింది. 8.0 వెర్షన్ వచ్చేదాకా దాని డిఫాల్ట్ లాటిన్-1 అనే, పడమటి ఐరోపా భాషల అక్షరాల పద్ధతి, వరస పెట్టే పద్ధతి స్వీడిష్. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తులన్నీ ఒకే బైట్‌తో మొదలవుతాయి, రెండో బైట్ కూడా రెండింటిలో ఏదో ఒకటే. ఆ మొదటి బైట్‌ను లాటిన్-1గా చదివితే గీత ఉన్న ఏ, రెండోదాన్ని చదివితే డిగ్రీ గుర్తో, కూడిక తీసివేత కలిసిన గుర్తో వస్తుంది. పేజీ అంతా ఒకే రకంగా కనబడటానికి కారణం అదే. బైట్లు చెక్కుచెదరలేదు, వాటి మీద అంటించిన పేరే తప్పు.

బాగుచేయడానికి, ముందు ఒక కాపీ పక్కన పెట్టుకుని, డేటాబేస్‌లో పోస్టులున్న కాలమ్‌ను మొదట బైనరీ రకంలోకి, అంటే బ్లాబ్‌లోకి మార్చాలి. ఆ తర్వాత యూటీఎఫ్8-ఎంబీ4 (మైసీక్వెల్‌లో పూర్తి యూటీఎఫ్-8 పేరు ఇదే) టెక్స్ట్‌గా మార్చాలి. మధ్యలో బ్లాబ్ ఎందుకంటే, నేరుగా మారిస్తే మైసీక్వెల్ ఆ గీతల ఏనే నిజమైన అక్షరం అనుకుని దాన్ని అనువదిస్తుంది. బ్లాబ్ అంటే మాత్రం లోపలున్నది ముట్టుకోదు. ఇదిగో, ఈ పరీక్ష డేటాబేస్ మీద నడిపిస్తున్నాను... వచ్చేసింది. ఒత్తులతో, దీర్ఘాలతో, పూర్తిగా. ఎప్పుడు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది. ఒకరు కూర్చుని రాసుకున్న మాటలండీ ఇవి.

ఇంకో రెండు మూడు త్వరగా చెప్పేస్తాను. కొన్ని థీమ్‌లు పోస్ట్ మొదటి భాగాన్ని బైట్లు లెక్కపెట్టి కత్తిరిస్తాయి. కత్తి 3 బైట్ల మధ్యలో పడితే చివర నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం కనబడుతుంది. థీమ్ కోడ్‌లో 'సబ్‌స్ట్ర్' ఉన్న చోట 'ఎంబీ-సబ్‌స్ట్ర్' పెడితే ఆ వజ్రం పోతుంది. అయితే అప్పుడు కూడా అక్షరం నుంచి గుణింతం విడిపోవచ్చు. పదాల లెక్కన కత్తిరించడమే మనకు సరి, వర్డ్‌ప్రెస్ సొంత పద్ధతి 55 పదాలు. ఇక వరసల మధ్య దూరం. పైన గుడి, కింద ఒత్తు ఉన్న లిపి మనది. ఇంగ్లిష్ థీమ్‌లు ఇచ్చే దూరంలో పై వరస ఒత్తు కింది వరస గుడిని తాకుతుంది. నేను ఫాంట్ సైజుకు 1.7 రెట్లు పెడతాను, ఫాంట్ మందలి గానీ నోటో శాన్స్ తెలుగు గానీ.

ఇంట్లో నడిచే ఈ బ్లాగును బయటివాళ్లకు చూపించాలంటే ముందు రౌటర్ పేజీలో మీకు వచ్చిన ఐపీ చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే, మీ ప్రొవైడర్ ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు పంచుతున్నట్టు. అప్పుడు పోర్ట్ ఫార్వర్డింగ్, అంటే బయటి నుంచి వచ్చేవాళ్లను రౌటర్ ఈ డబ్బాకు పంపేలా పెట్టడం, ఎంత చేసినా పనిచేయదు, టెన్షన్ పడి రాత్రంతా కూర్చోవద్దు. కొత్త తరహా ఐపీ, అంటే ఐపీవీ6 ఉందేమో చూడండి, లేకపోతే మధ్యలో ఇంకో సర్వర్ ద్వారా దారి ఇచ్చే టన్నెల్ సర్వీస్ ఏదైనా వాడాలి. కరెంటు సంగతి కూడా చూసుకోండి. డబ్బా 20 వాట్లు లాగితే, పగలూ రాత్రీ నడిస్తే, 30 రోజులకు 14.4 యూనిట్లు. 5 వాట్లతో సరిపెట్టుకునే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌కైతే 3.6. పాత ఫోన్‌ను సర్వర్ చేద్దామనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, చేయొచ్చు, కానీ ఎప్పుడూ ఛార్జింగ్‌లోనే ఉంచితే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది. మంచం పక్కన, కర్టెన్ల దగ్గర అసలు పెట్టకండి.

రెండింటిలో ఏది ఉంచుకున్నానంటే, నా సొంత రాతలకు హ్యూగో. ఫైళ్లన్నీ మామూలు టెక్స్ట్, పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తే అదే బ్యాకప్, సాఫ్ట్‌వేర్ లేకపోయినా నోట్‌ప్యాడ్‌లో చదువుకోవచ్చు. నలుగురు కలిసి రాసే బ్లాగైతే, కంప్యూటర్ పెద్దగా అలవాటు లేనివాళ్లు ఉంటే, వర్డ్‌ప్రెస్సే పెట్టండి. రాయడం తేలికగా ఉండటం లింకు పొడవు కన్నా ముఖ్యం.

సెర్చ్ సంగతి ఈ రోజు ముట్టుకోలేదు. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు ట కింద వకారపు ఒత్తు పడకుండా మధ్యలో కంటికి కనిపించని గుర్తు ఒకటి పెడతాం. అది ఒకరు పెట్టి, ఇంకొకరు పెట్టకపోతే, సెర్చ్‌లో ఒకరి పోస్ట్ ఇంకొకరికి దొరకదు. రెండు సాఫ్ట్‌వేర్లలోనూ దాన్ని ఎలా సరిచేయాలో వచ్చే వీడియోలో చేసి చూపిస్తాను. ఈలోపు మీ పాత డేటాబేస్ ఫైళ్లు వెతికి పెట్టుకోండి.