హాజరు పట్టీలో పడని లెక్క

వేదిక మీది పెద్దలకూ, ఆదివారం పూట ఇంత దూరం వచ్చిన మీకూ నమస్కారం. ప్రభుత్వ సొమ్ముతో జరిగే కళా కార్యక్రమాల వల్ల సమాజానికి ఏం ఒరిగిందో ఎలా కొలవాలన్నది నాకిచ్చిన విషయం.

మన చెన్నైలో 2007లో చెన్నై సంగమం అనే జానపద కళల పండుగ మొదలైంది. మధ్యలో ఆగిపోయి 2023లో మళ్లీ వచ్చింది. పరై అనే తమిళ డప్పు, తల మీద కుండ పెట్టుకుని ఆడే కరగాట్టం పార్కుల్లోకి వచ్చాయి. సంగీత సభల గడప తొక్కనివాళ్లు కూడా చూశారు. ఎంతమంది చూశారో లెక్క తీయొచ్చు. చూశాక ఏమైంది?

బ్రిటన్‌లో పరిశోధకుడు ఫ్రాన్స్వా మతరాసో 1997లో, కళల్లో పాల్గొంటే కలిగే సామాజిక ప్రభావాలు 50 అని జాబితా ఇచ్చారు. ముందు పరిస్థితి చూడకుండా మార్పు వచ్చిందని ఎలా అంటారని 2002లో పరిశోధకురాలు పావోలా మెర్లీ నిలదీశారు. న్యాయమైన ప్రశ్న. నాకు అది మా డప్పు తరగతి దగ్గర అర్థమైంది.

ఉత్తర చెన్నైలో మన తెలుగు పారిశుద్ధ్య కార్మికులుండే వీధిలో గ్రాంటు తెచ్చి డప్పు నేర్పించాం. మొదట్లో పిల్లలు దాన్ని ముట్టుకోలేదు. చావు డప్పని బడిలో వెక్కిరిస్తారని భయం. కొన్నాళ్లకు పదో తరగతి అమ్మాయి ఒకతె భుజాన తగిలించుకుని వీధి మధ్యలో నిలబడి వాయించింది. వాళ్ల నాన్న నా దగ్గరికొచ్చి, "మాస్టారూ, మా నాన్న దీన్ని మంచం కింద దాచేవాడండీ" అన్నాడు.

రిపోర్టులో ఇదెక్కడ రాయాలి? ఫారంలో హాజరు, ఖర్చు, ఫోటోలు, అంతే. విడిగా ఒక కాగితం రాసి జతచేస్తే, ఫోటోలు చాలలేదని ఫైలు వెనక్కొచ్చింది. రెండో విడత డబ్బు ఆగిపోయింది. డప్పు నేర్పిన కళాకారుడు నెలల తరబడి ఫోన్లు చేశాడు. చివరికి అప్పు చేసి పిల్ల ఫీజు కట్టాడు. అయ్యా, ఆయన సమాజంలో మనిషి కాడా? ఆయన ఇంట్లో జరిగింది ప్రభావం కాదా? ప్రేక్షకుణ్ణి అడుగుతారు, పాల్గొన్నవాణ్ణి అడుగుతారు, కళాకారుణ్ణి మాత్రం రసీదు అడుగుతారు!

కొలవొద్దని నేననను. ప్రజల డబ్బు, కొలవాల్సిందే. మొదలుపెట్టక ముందు అడగండి, ఏడాది పోయాక మళ్లీ వెళ్లి అడగండి. ఆ తిరుగుడుకి అయ్యే ఖర్చు గ్రాంటులోనే పెట్టండి.

ఇంకా చెప్పాలని రాసుకొచ్చాను, అది పక్కన పెడతాను. ఈ హాల్లో బ్యాంకుల్లో, ఆడిటులో పనిచేసి రిటైరైనవాళ్లు చాలామంది ఉన్నారు. మా కొత్త బ్యాచ్ మొదలయ్యేలోపు ఇల్లిల్లూ తిరిగి నాలుగు ప్రశ్నలు అడగాలి. తమిళం కూడా వచ్చినవాళ్లయితే మరీ మంచిది. స్టేజీ పక్కన నోటుబుక్కు పెట్టాం. వెళ్లేముందు మీ పేరు రాసి వెళ్లండి.