ఉట్నూరులో తెలుగే ఇంగ్లీషు

సభకు నమస్కారం. హైదరాబాద్‌లో భాష మీద సభ పెడితే ముందు ఇంగ్లీషును నాలుగు తిట్టాలి, అది ఆనవాయితీ. నేనూ చాలా సభల్లో తిట్టాను. కానీ ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు దాటి గోండు గూడేల్లోకి వెళ్తే అక్కడ ఇంగ్లీషు వేషం కట్టింది మన తెలుగే. ఇంట్లో నీళ్లను 'ఏర్' అనే గోండు పిల్లకు బడిలో అడుగుపెట్టగానే అంతా తెలుగు. మనకూ 'ఏరు' ఉందమ్మా అని ఒక్క టీచరైనా పోలిక చూపిస్తే ఎంత బాగుంటుంది!

2011 జనాభా లెక్కల్లో గోండీ మాట్లాడేవాళ్లు దాదాపు 30 లక్షలు. చిన్న సంఖ్యేం కాదు. కానీ ఇక్కడ తెలుగు, అవతల మరాఠీ, ఇంకా పైకి పోతే హిందీ. ఒకే భాష పిల్లలు తలో బడి భాషలోకి చెదిరిపోయారు. రాజ్యాంగం గుర్తించిన భాషల జాబితా, అదే ఎనిమిదో షెడ్యూల్లో, మరో ఆదివాసీ భాష సంతాలీకి 2003లో చోటు దొరికింది, గోండీకి ఇంకా లేదు.

ప్రయత్నాలు జరగలేదని కాదు. నిజాం కాలంలోనే, 1943లో, ఆస్ట్రియా నుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ మార్లవాయిలో గోండు యువకులకు టీచర్ ట్రైనింగ్ పెట్టించాడు, గోండీ వాచకాలు రాయించాడు. నార్నూరు మండలం గుంజాలలో సొంత లిపిలో రాసిన గోండీ రాతప్రతులు బయటపడ్డాయి. అప్పటికి ఆ లిపి చదవగలిగిన కొద్దిమంది పెద్దలూ ఆ ఊళ్లోనే ఉన్నారు. 2018లో ఆ లిపి, కంప్యూటర్లూ ఫోన్లూ అక్షరాలను గుర్తుపట్టే యూనికోడ్‌లోకి ఎక్కింది. సంతోషమే. అయితే లిపి ఫోన్‌లోకి వచ్చినంత సులువుగా మాట పిల్లల నోట్లోకి రాదు.

న్యూజిలాండ్‌లో అక్కడి మూలవాసులు మావోరీలు ఏం చేశారంటే, 1982లో 'కోహంగ రేయో' మొదలుపెట్టారు. భాషా గూడు అని అర్థం. బడి ఈడు రాని పిల్లల్ని అమ్మమ్మలు, నానమ్మల దగ్గర కూర్చోబెట్టారు. అక్కడ మావోరీ తప్ప ఇంకోటి వినిపించదు. ఆ భాషకు అధికార హోదా ఇచ్చే చట్టం 1987లో గానీ రాలేదు. అంటే చట్టం కోసం ముసలమ్మలు ఆగలేదన్నమాట. మన గూడేల్లో అమ్మమ్మలకు కొరత లేదు. అంగన్‌వాడీలో వాళ్లకో చాప వేసి, రోజూ కాస్త జీతం ఇస్తే చాలు.

ఈ మధ్య ఇక్కడే, హైదరాబాద్‌లో, ఓ హాస్టల్ మెట్ల మీద గోండు అమ్మాయి ఫోన్‌లో ఇంటికి మాట్లాడుతోంది. నేను కనపడగానే గొంతు తగ్గించేసింది. ఎందుకమ్మా అన్నాను. "మా భాష వింటే నవ్వుతారు సార్" అంది. ఎవరు నవ్వుతారని నేను అడగలేదు. తెలుసు కాబట్టి.